రెండు చేతుల లెక్క

మొన్న ఒక పిల్ల మా గేటు కాడికి వచ్చింది. మెడల కార్డు, చేతుల ఫోను. ఇంట్ల అరవై దాటినోళ్ళు ఎంతమంది, వాళ్ళల్ల ఎవరికన్న పక్షవాతం వచ్చిందా అని అడిగింది. లేదన్న. ఫోను మీద వేలుతోటి ఒక్క పోటు పొడిచి పక్కింటికి పోయింది. నేను అరుగు మీద కుర్చీల ఉన్న, ఆమె గేటు అవుతల ఉన్నది. నా కాళ్ళు చూడలే, చేతులు చూడలే. నేను అబద్ధం చెప్పినా గదే పోటు పొడుచు.

ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. ఆమె చేసిన తప్పు నేను అరవై ఏండ్ల కిందనే చేసిన. ఆమెకంటె తెలివిగ చేసిన, అందుకే ఆమెకంటె ఎక్కువ చెడగొట్టిన. నేను ఒక ఊరి ముసలోళ్ళందరిని లెక్కపెట్టి, నా పక్క స్టూలు మీద కూసునే మనిషిని తప్పిన. ఇల్లిల్లు తిరిగి మనుషులను లెక్కపెట్టే కొలువు చేసే పిల్లలు ఇప్పుడు చానమంది ఉన్నరు. మీ కోసమే రాస్తున్న. నేను బడికి పోయినోన్ని కాదు, ఇరవై ఏడేండ్లకు అక్షరాలు దిద్దినోన్ని. నా రాతల సోకులు దేవులాడకున్రి.

మాది కరీంనగర్ దిక్కు కొండగట్టు కింద ఒక పల్లె. హైదరాబాద్ స్టేట్ పోయి ఆంధ్రప్రదేశ్ అయిన కొన్నేండ్లకు ఆదిలాబాద్ జిల్లాల ఒక మిల్లు ఊరి సర్కారు దవాఖానల నాకు చప్రాసి కొలువు దొరికింది. మంచిర్యాల దాటి రైల్ల ఇంకా మీదికి పోవాలె. ఊడ్చుడు, సీసాలు కడుగుడు, పుండ్లకు కట్లు కట్టుడు నా పని. కచ్చా నౌకరి. పై నుంచి ఒక్క మాట వస్తె మూట కట్టుకొని ఇంటికి పోవుడే.

మిల్లు ఊరు గనుక తీరొక్క మనుషులు. రైలు పట్టాలకు ఇవుతల తెలుగు వాడ, మాసొంటి కరీంనగరోళ్ళే ఎక్కువ. అవుతల మరాఠోళ్ళ వాడ. మసీదు చుట్టు మొహల్లా. వాగు దాటితె గోండు గూడెం. నాలుగు దిక్కులకు కలిపి దవాఖాన ఒక్కటే, డాక్టరు ఒక్కడే, కంపౌండరు ఒక్కడే.

కంపౌండర్ సాబ్ నిజాం జమానల చేరిన మనిషి. ఎండకాలం సుత షేర్వాణి విప్పకపోవు. ఎడమచెయ్యి ఎప్పుడు జేబులనే. అట్ల నడుస్తుంటె జాగీర్దారే వస్తున్నట్టు ఉండేది. నాకు అది దర్జా కింద కనబడ్డది. మందు కలిపేటప్పుడు సీసా నేను పట్టుకోవాలె. బిరడా నేను గుంజాలె. పొడి మందు పొట్లం కడితె కాగితం అంచు నేను నొక్కాలె. "పట్టుకో" అన్న మాట రోజుకు నూరుసార్లు వింటుంటి. లోపల కుతకుత ఉడుకుతుండె.

ఒకనాడు ఉండబట్టక అననే అన్న. "సాబ్, దేవుడు మీకు సుత రెండు చేతులిచ్చిండు గద."

ఆయన ముసిముసిగ నవ్విండు. "ఒకటి సర్కారుకు ఇచ్చిన మియా. ఇంకోటి నాది. నాది ఊకెనె పని చెయ్యది" అన్నడు.

నేను నవ్విన. ఆ మాటల నిజమెంతుందో తెలువనీకె నాకు ఏడాదిన్నర పట్టింది.

సీసా పట్టుకున్నందుకు బదులన్నట్టు ఆయన నాకు అక్షరాలు చెప్పిండు. ఆయన చదువంత ఉర్దూల. సర్కారు మారినంక తెలుగు ఆయన సుత కొత్తగనే నేర్సుకున్నడు. అందుకే మంచిగ చెప్పేటోడు. ఏ అక్షరం కాడ కాలు జారుతదో ఆయనకు ఎరుకే. రోగులు తగ్గినంక పగటిపూట వెనుక వసారల కూసుంటుంటిమి. పలక సుత నేనే పట్టుకోవాలె, ఆయన రాసి చూపిస్తడు. వంకర రాస్తె, "గిది అక్షరమా, నలిపిన నల్లియా?" అనేటోడు. పేరు రాసుడు నేర్సుకున్న రోజు ఒక బెల్లంముక్క తెచ్చి పెట్టిండు. మా బాపు సుత నాకు గట్ల పెట్టలే.

గప్పుడే కోస్తా దిక్కు నుంచి కొత్త డాక్టర్ సాబ్ వచ్చిండు. వయసుల చిన్నోడు. మాట నీటు, కోపం ఘాటు. ఆయన కాడ రక్తపు పోటు చూసే పాదరసం పెట్టె ఒకటుండె. ఆ పెట్టెను పసిపిల్లను మోసినట్టు మోసేటోడు. దవాఖానకు పక్షవాతం వచ్చినోళ్ళను తెస్తుండిరి గని, మూతి వంకరపోయి, చెయ్యి పడిపోయి, పావురం నెత్తురు రాసి రాసి ఇగ కాదన్నంక తెస్తుండిరి. అప్పటికి ఆయన చేసేది ఏముండకపోవు. ముందుగాలనే పోటు చూసి, ఉప్పు తగ్గించి, ఇంత మందిస్తె కొందరన్న పడిపోకుంట ఉంటరు అని ఆయన పట్టు. ఒకసారి వచ్చినోళ్ళకు రెండోసారి వచ్చుడు ఇంకా అల్కగ అని సుత చెప్పిండు. కని ఆయనకు తీరేది అయితారం నాడొక్కటే. నాలుగు దిక్కులల్ల ముందుగాల ఎటు పోవాలె? ముసలోళ్ళల్ల ఈ రోగం ఎక్కడ ఎక్కువున్నదో లెక్క తియ్యాలె అన్నడు.

లెక్క నాకే చెప్పిండు. నాకు రాసుడు రాదంటె, "చదువు రాకపోతే ఏం, చూపు ఉందిగా" అన్నడు. యాభై దాటిన ప్రతి మనిషిని నా కండ్లతోటి చూడాలె. రెండు చేతులు ముందుకు చాపించాలె, కండ్లు మూయించాలె, పది దాక లెక్కపెట్టాలె. ఒక చెయ్యి కిందికి జారితె అది రోగం కింద లెక్క. పక్షవాతం తోని మంచం పట్టినోళ్ళకు ఈ పరీక్ష అక్కెర లేదు, వాళ్ళు సీదా రోగం లెక్కలనే.

గింజల ఉపాయం నాది. నాలుగు ఖాళీ మందు సీసాలు కడిగి ఆరబెట్టిన. ఒక్కో దిక్కుకు ఒక్క సీసా. చేతులు మంచిగున్న ప్రతి ముసలి మనిషికి ఒక చింతగింజ, పక్షవాతం ఉన్నోళ్ళకు దాని బదులు ఎర్ర గురిగింజ. కంపౌండర్ సాబ్ సీసాలకు చిట్టీలు రాసిచ్చిండు, అతికిచ్చేది మాత్రం నేనే. డాక్టర్ సాబ్ సీసాలు చూసి మెచ్చుకున్నడు. నా మెడ జానెడు పొడుగైంది.

ఇగ నా తెలివి చెప్త. తెలుగు వాడల మొదటి ఇంట్లనే ఒక ముసలాయన నా మీద గరమైండు. "చేతులు చాపు, కండ్లు మూసుకో అంటున్నవ్, నేనేమన్న దొంగతనం చేసిన్నా?" అన్నడు. ఇంకో అవ్వ చేతులు చాపితె తన మీద మంత్రం వేస్తరని లోపలికి ఉరికింది. నాకు సిగ్గయింది. రెండో రోజు సంది ఒక పని చేసిన. ఇంట్లకు పోంగనే నేనే రెండు చేతులు జోడించి దండం పెట్టిన. నేను పెడితె వాళ్ళు పెట్టక తప్పదు గద. దండానికి రెండు చేతులు లేవాలె, రెండు అరచేతులు కలువాలె. పడ్డ చెయ్యి ఉన్నోళ్ళు అక్కన్నే దొరుకుతరు. కుడిదైనా ఎడమదైనా దొరుకుతది. ఎవరికి కోపం రాదు, పైకెల్లి మర్యాద. మరాఠోళ్ళ వాడల రాం రాం, రెండు చేతులు. గోండు గూడెంల రాం రాం, రెండు చేతులు. పని బండి తీరు ఉరికింది. డాక్టర్ సాబ్‌కు ఈ అడ్డదారి సంగతి చెప్పలే. ఎందుకు చెప్తం?

మొహల్లాకు పోయిన. ఆడ రాం రాం అంటె బాగుండదని నేను సుత మంచిగ వంగి కుడిచెయ్యెత్తి సలాం చేసిన. వాళ్ళు కుడిచెయ్యెత్తి సలాం చేసిన్రు. ముసలమ్మలు పర్దా వెనుక నుంచి ఒక్క చెయ్యి బయట పెట్టి సలాం చేసిన్రు. ఆ చెయ్యి మంచిగనే ఉన్నది. చింతగింజ వేసిన, ఇంకో ఇంటికి పోయిన. మసీదు మూల మీద ఒక ముసలి దర్జీ ఉండె. మిషను మీద గుడ్డ కప్పి ఉన్నది. కుడతలేవా చాచా అంటె, కండ్లు ఆనుతలేవు బేటా అన్నడు. చక్కగ సలాం చేసిండు. చాయ్ తాగిపిచ్చిండు. ఆయనకూ చింతగింజనే.

మీకు ఇప్పటికే సమజైంది. నాకు కాలే.

నెల తర్వాత నాలుగు సీసాలు బల్ల మీద పెట్టినం. మూడు సీసాలల్ల ఎర్రగింజలు కండ్లకు కొట్టొచ్చినట్టు కనబడుతున్నయ్. మొహల్లా సీసాల మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి. దవాఖాన వసారల దీని మీద ఎన్ని ముచ్చట్లో. తెలుగోళ్ళకు కల్లు, తొక్కు ఎక్కువ గనుక వస్తదని ఒకరు. మరాఠోళ్ళకు తంబాకు తోని అని ఒకరు. గోండులకు ఇప్పసార తోని అని ఇంకొకరు. మొహల్లోళ్ళు అయిదు పూటలు నమాజుల వంగి లేస్తరు గనుక నరాలు సాఫ్ ఉంటయని డాక్టర్ సాబే అన్నడు. కంపౌండర్ సాబ్‌ను మీరేమంటరు అని అడిగితె, ఆయన జేబుల చెయ్యి జేబులనే పెట్టుకొని, "ఉంటది సార్, ఉంటది" అన్నడు.

డాక్టర్ సాబ్ పాదరసం పెట్టె పట్టుకొని అయితారం అయితారం తెలుగు వాడకు, గూడేనికి, మరాఠోళ్ళ వాడకు తిరిగిండు. కొందరికి మందు మొదలైంది, కొందరి ఇండ్లల్ల ఉప్పుబుడ్డి అటక ఎక్కింది. మొహల్లాకు ఆఖరుకు పోదాం, ఆడ తొందర లేదు అన్నడు. ఆ ఆఖరు వచ్చేవరకు ఏడాది అయింది.

ఒక పొద్దున దర్జీ చచ్చిపోయిండని తెలిసింది. మసీదుకు పోయెటానికి మెట్టు దిగుతు దిగుతు పడ్డడట, మల్ల లేవలే. ఆయన భార్య ఏడ్చుకుంట చెప్పిన మాట మా దవాఖాన దాక వచ్చింది. మొదటిసారి వచ్చినప్పుడు ఎడమచెయ్యే పోయిండె, ఈసారి మనిషే పోయిండు అన్నదట. డాక్టర్ సాబ్ ఆ మాట ఇన్నడో లేదో తెల్వది. నేను విన్న. ఎడమచెయ్యి. సూది కుడిచేత్తోని పట్టుకున్నా గుడ్డ ఎడమచేత్తోనే జరపాలె గద. మిషను మీద గుడ్డ ఎందుకు కప్పిండో అప్పుడు తెలిసింది.

కంపౌండర్ సాబ్‌కు ఆయన చిన్ననాటి దోస్తు. సాబ్ వెంట నేను సుత ఖబరస్తాన్‌కు పోయిన. మట్టి పోసుడు అయింది. నేను గోడ పక్కకు నిలబడ్డ. అందరు దువా చేయనీకె చేతులెత్తిన్రు. దువాకు ఒక్క చెయ్యి సరిపోదు. రెండు చేతులు ఛాతి దాక లేవాలె, అరచేతులు ఆకాశం దిక్కు తెరిచి పట్టాలె.

నేను లెక్కపెట్టాలె అనుకోలే. ఏడాది సంది అలవాటైన కండ్లు, వాటంతట అయే లెక్కపెట్టినయ్. ముందు వరుసల ఒక ముసలాయన ఎడమచెయ్యి నడుము కాడనే ఆగింది. ఆయన పక్కాయనది వణుక్కుంట జారింది. వెనుక ఇంకొకరు, మూల మీద ఇంకొకరు. అందరికి నేను చాయ్ తాగి చింతగింజ వేసినోన్నే. ఆ తర్వాత కంపౌండర్ సాబ్. ఆయన కుడిచెయ్యి ఎత్తిండు. ఆగిండు. మల్ల కుడిచెయ్యి దించి, జేబుల నుంచి ఎడమచెయ్యిని మణికట్టు కాడ పట్టుకొని బయటికి తీసిండు. ఎవరో ఇచ్చిన వస్తువును ఎత్తినట్టు దాన్ని ఛాతి దాక ఎత్తి, ఇడిచిపెట్టి కుడిచెయ్యి తెరిచిండు. ఎడమది మెల్లగ కిందికి జారింది. మల్ల ఎత్తిండు. మల్ల జారింది. దువా అయ్యేదాక ఆయన గదే చేసిండు.

వాపసు వచ్చేటప్పుడు రైలు పట్టాల పక్కకెల్లి ఇద్దరమే నడిచినం. ఆయనే అడిగిండు.

"ఎందరిని చూసినవ్?"

"నలుగురిని."

"నన్ను కలిపేనా?"

నేను పట్టాల నడుమ కంకర చూసుకుంట నడిచిన.

"నన్ను కలిపితె అయిదుగురు" అన్నడు. అప్పుడు మొత్తం చెప్పిండు. మూడేండ్ల కింద ఒక పొద్దున లేచెటాల్లకు ఆ చెయ్యి పక్క మీద పరాయోల్లది పడ్డట్టు పడి ఉన్నదట. కాలు రెండు వారాలకు కుదురుకున్నది, చెయ్యి మాత్రం సగమే వచ్చింది. భార్యకు తప్ప ఎవరికి చెప్పలే. పింఛనుకు ఇంకా పదునాలుగు నెలలున్నది. చెయ్యి సంగతి తెలిస్తె పెద్ద డాక్టర్ల ముందల నిలబెట్టి, పనికిరాడని రాసి ఇంటికి పంపుతరు. ఇంట్ల తల్లి ఉన్నది, భార్య ఉన్నది.

"నువ్వు లేకుంటె ఎప్పుడో దొరికిపోతుంటి" అన్నడు. "నా ఎడమచెయ్యి నువ్వే మియా."

నా తప్పు నేను సుత చెప్పిన. చేతులు చాపియ్యలే, ఊకెనె సలాములు చేసుకుంట తిరిగిన అన్న.

"నాకెరుకే" అన్నడు.

"ఎరుకుండి ఎందుకు చెప్పలే సాబ్?"

"చెప్తె నువ్వు మొహల్లాకు మల్ల పోతువు. మా ఇల్లు ఆడనే గద." కొంచెం దూరం నడిచి మల్ల అన్నడు. "వాడు నాకు చెప్పిండు, సూదిల దారం ఎక్కుతలేదని. డాక్టరుకు చూపియ్యి అనలే నేను. వాణ్ణి చూస్తె నన్ను సుత చూస్తరని భయం."

ఆయన నాతోని ఏం చేస్తవని అడగలే. చెప్పకు అని సుత అనలే. అన్నా బాగుండు.

తెల్లారి పొద్దున మొహల్లా సీసా తీసి డాక్టర్ సాబ్ బల్ల మీద బోర్లించిన. ఈ లెక్క తప్పు సార్ అన్న. నా అడ్డదారి సంగతి, సలాముల సంగతి చెప్పిన. కుడిచెయ్యి పడ్డోళ్ళను, మంచం పట్టినోళ్ళనే పట్టుకున్న, ఎడమది పడ్డోళ్ళందరు తప్పిపోయిన్రు అన్న. కంపౌండర్ సాబ్ పేరు ఎత్తలే. ఆయన మందుల కిటికీ కాడ మా దిక్కు వీపు పెట్టి నిలబడి ఉన్నడు.

డాక్టర్ సాబ్ మొకం ఎర్రగైంది. "చాపించమని చెప్పానా లేదా?"

"చెప్పిన్రు సార్."

"మరి?"

"సిగ్గయింది సార్."

"నీ సిగ్గు వల్ల ఏడాది ఆదివారాలు ఒక వీధి మొత్తం వదిలేశాను" అన్నడు. పెద్దగ అరవలే. అరిస్తె నాకు అల్కగుండు. నౌకరి పోయిందనే అనుకున్న. ఆయన కిటికీ దిక్కు చూసి, మళ్ళీ వెళ్ళు, ఈసారి మనిషి మనిషినీ సరిగ్గా చూడు, లేకపోతే రేపటి నుంచి రావద్దు అన్నడు.

అప్పుడు కంపౌండర్ సాబ్ ఇటు తిరిగిండు. "నేను సుత పోత సార్. నేను ఉంటె ఎవరు ఏమనరు" అన్నడు.

వారం రోజులు ఇద్దరం తిరిగినం. ఇంటింటికి పోయి దర్జీ కోసం దువా చేద్దాం అంటె కాదనేటోళ్ళు ఎవరుంటరు? అందరు చేతులెత్తిన్రు. పర్దా వెనుకకు కంపౌండర్ సాబ్ భార్య పోయి చూసి వచ్చి, ఎన్ని ఎర్రగింజలో వేళ్ళతోటి చూపిస్తుండె. చింతగింజలు తీసి గురిగింజలు వేసుకుంట పోయిన. సీసా రంగు మారింది. వారం ఆఖరుకు బల్ల మీద నాలుగు సీసాలు వరుసగ పెడితె, చిట్టీ చదవకుంట ఏది ఏ వాడదో చెప్పరాకుంట అయింది. నాలుగు సీసాలల్ల ఒక్క తీరే ఎరుపు. కల్లు ముచ్చట, తంబాకు ముచ్చట, నమాజు ముచ్చట అన్నీ ఆ రోజే బందైనయ్.

డాక్టర్ సాబ్ సీసాలు చూసుకుంట కూసున్నడు. కంపౌండర్ సాబ్ మొహల్లా సీసా కాడికి వచ్చి నిలబడ్డడు.

"దీంట్ల ఒకటి తక్కువున్నది" అన్నడు. నా దిక్కు తిరిగి, "పట్టుకో" అన్నడు.

నేను సీసా పట్టుకున్న. ఆయన కుడిజేబుల నుంచి ఒక గురిగింజ తీసి లోపల వేసిండు. ఎడమచెయ్యిని జేబుల నుంచి తీసి బల్ల మీద పెట్టిండు.

డాక్టర్ సాబ్ ఆ చెయ్యిని చూసిండు, ఆయన మొకం చూసిండు. పాదరసం పెట్టె దగ్గరికి గుంజి ఆ చేతికే పట్టి చుట్టిండు. పాదరసం ఎంత ఎక్కిందో నాకు కనబడ్డది. డాక్టర్ సాబ్ నుదుటి మీద ముడుతలు కనబడ్డయ్. పట్టి ఇప్పుకుంట, "సీసాలో పేర్లు ఉండవు కంపౌండరు గారూ. నేనూ అడగలేదు" అన్నడు. రేపటి నుంచి మందు వేసుకోవాలె, కూరల ఉప్పు బందు అని సుత అన్నడు.

ఆ తర్వాతది తొందరగ చెప్త. డాక్టర్ సాబ్ ఆ అయితారం సందే మొహల్లాకు తిరిగిండు. కంపౌండర్ సాబ్ పదునాలుగు నెలలు కొలువు చేసి, పింఛను మీదనే దిగిండు. ఆ పదునాలుగు నెలలు "పట్టుకో" అన్న మాట నాకు ఒక్కసారి సుత మండలే. మందు వేసుకున్నడు, ఉప్పు కోసం భార్యతోటి కొట్లాడిండు, చాన ఏండ్లు బతికిండు. నేను పక్కా అయిన, అక్కడక్కడ తిరిగిన, నేను సుత పింఛను మీద దిగిన. దర్జీ మాత్రం ఆ చింతగింజ తోనే పోయిండు. ఆయనకు నేను ఎన్నడు గింజ మార్చలే, మార్చనీకె మనిషి లేకుండె.

కని నా మనసుల నిలిచింది ఆ రోజు సీసా చిట్టీ మార్చిన ముచ్చట. కొత్త లెక్కకు కొత్త చిట్టీ కావాలె అన్నడు డాక్టర్ సాబ్. నేను అలవాటు మీద కాగితం తీసుకపోయి కంపౌండర్ సాబ్ ముందల పెట్టి, అంచు పట్టుకున్న. ఆయన కలం నా దిక్కు జరిపిండు. "లెక్క నీది. నువ్వే రాయి" అన్నడు.

అప్పటిదాక నేను పలక మీద తప్ప రాసినోన్ని కాదు. సర్కారు కాగితం మీద అసలే కాదు. కిటికీకెల్లి గాలి వచ్చి కాగితం లేస్తున్నది, కుడిచేతుల కలం ఉన్నది, ఎడమచేతుల సిరా దవాతు ఉన్నది, ఏది ఇడవాల్నో తెల్వక చూస్తున్న. ఆయన తన ఎడమచెయ్యిని కుడిచేత్తోని ఎత్తి కాగితం మీద పెట్టిండు. రాయి పెట్టినట్టు బరువుగ ఆనింది.

"పట్టుకున్న" అన్నడు. "ఇగ రాయి."